నిచ్చెన కోసం వచ్చిన ఫోన్లు

మీరు కంప్యూటర్ ఆటలో ఎక్కడైనా ఇరుక్కుంటే ఏం చేస్తారో నాకు తెలుసు. జేబులోంచి ఫోన్ తీస్తారు, రెండు మాటలు టైపు కొడతారు, ఎవరో పుణ్యాత్ముడు ఆడి చూపించిన వీడియో దొరుకుతుంది, అది చూసి గెలిచేస్తారు. దాన్ని గెలవడం అంటారా అని అడిగితే మా మేనకోడలు నాతో పోట్లాటకు దిగుతుంది. దిగనీ. పోట్లాటంటే నేను ఎప్పుడూ వెనక్కి తగ్గింది లేదు. నేను చెప్పేది ఒక్కటే. ఒకప్పుడు ఆ వీడియో చేసే పనిని ఒక మనిషి కుర్చీలో కూర్చుని, చెవికి రిసీవర్ ఆనించుకుని చేసేది. జీతం తీసుకుని మరీ చేసేది. ఆ మనిషిని నేనే.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. తిరుపతిలో అలిపిరి వైపు వెళ్లే రోడ్డులో, ఒక టిఫిన్ సెంటరు పైన, మేడ మీద రెండు గదుల ఆఫీసు మాది. కింద తిరగమోత పెడితే పైన మేం దగ్గేవాళ్లం. మా ఓనరు అంతకు ముందు బడి పిల్లల పాఠాల సీడీలు చేయించి అమ్మేవాడు. మంచివాడు, మెత్తనివాడు. చివర ఎవరు మాట్లాడితే వాళ్లదే న్యాయం అనుకునే రకం. ఉన్నట్టుండి ఆయనకు తెలుగులో ఒక నవ్వించే ఆట తయారుచేయాలని బుద్ధి పుట్టింది. ఎం.ఏ. తెలుగు చదివి, రెండు ప్రైవేటు కాలేజీల్లో ప్రిన్సిపాళ్లతో వాదించి బయటపడి ఉన్న నన్ను మాటలు రాయడానికి పెట్టుకున్నాడు. ప్రోగ్రామరు నగరి నుంచి వచ్చినవాడు, మగ్గాల ఇంట్లో పుట్టి పెరిగినవాడు. బొమ్మలు వేసే ఆయన సినిమా బ్యానర్లు రాసి రాసి మా దగ్గరికి చేరాడు. అందువల్ల మా ఆటలో ఆవుకి కూడా హీరోయిన్ కనుబొమలు ఉండేవి.

కథ చిన్నదే. కార్వేటినగరం పక్కన ఒక పల్లె. పెళ్లి రోజు పొద్దున పెళ్లికొడుకు భయపడి చింతచెట్టు ఎక్కి కూర్చుంటాడు. ముహూర్తం లోపల వాణ్ణి కిందికి దించాలి. ఆడేవాళ్లు తోడిపెళ్లికొడుకు అన్నమాట. ఊరంతా తిరగాలి, కనబడిన వస్తువల్లా సంచిలో వేసుకోవాలి, ఏది ఎక్కడ పనికొస్తుందో కనిపెట్టాలి. తప్పు చేస్తే ఊళ్లో ఎవరో ఒకరు తిడతారు. ఆ తిట్లు రాయడమే నా ఉద్యోగం. తోడిపెళ్లికొడుకు తనూ చెట్టెక్కబోతే, "ఒకడెక్కినందుకే ఊరంతా ఈడుండాది. నువ్వూ ఎక్కు, పక్కూరు కూడా వస్తాది" అంటుంది పూలమ్మే ఆవిడ. తాడు తీసుకెళ్లి ఆవుకి చూపిస్తే, "దాని మెడలో ఒకటుండాదిలే. రెండోది నీకు పెట్టుకో" అంటాడు కాపరి. ఈ మాటలన్నీ మా మేనత్త నోటివి. ఆమె నాకు ఆస్తి ఏమీ రాయలేదు కానీ తిట్లు మాత్రం ధారాళంగా ఇచ్చిపోయింది.

ఆటలో అందరూ తల గోడకేసి కొట్టుకునే చోటు ఒకటుంది. వీధి చివర ఒక ముసలావిడ ఇల్లు. ఊళ్లో నిచ్చెన ఉన్నది ఆవిడ దగ్గరే. నేరుగా అడిగితే ఇవ్వదు. లోటాలో మజ్జిగ తెచ్చి ఇస్తుంది. ఇక్కడే పడతారు అందరూ. ఇటువంటి ఆటలు ఆడేవాళ్లకు ఒక జబ్బు ఉంటుంది, చేతికి వచ్చింది ఏదైనా సంచిలో దాచుకోవడం. మజ్జిగ లోటాను కూడా సంచిలో పెట్టుకుని వెళ్లిపోతారు! ఊరి బయట పుట్టలో పాముకి పోద్దామని ఒకడు, పురోహితుడికి ఇద్దామని ఒకడు. ముసలావిడకు కోపం వస్తుంది. "నా లోటా యాడ?" అని తలుపేసుకుంటుంది. చేయవలసింది ఏమిటి? ఎవరింటికైనా వెళితే మనం చేసేదే. ముందు తిన్నె మీద, అంటే వాకిలి పక్క అరుగు మీద, కూర్చోవాలి. ఇచ్చిన మజ్జిగ అక్కడే తాగి, లోటా తిరిగి ఇవ్వాలి. అప్పుడు ఆవిడ "ఎవరింటి పిల్లోడివి నాయనా?" అని అడుగుతుంది, చెప్పాక నిచ్చెన ఇస్తుంది. అంతే. నిలబడి తాగినా ఇవ్వదు. "నిలబడి తాగినోడు నిలబడే ఎత్తుకపోతాడు, నా నిచ్చెన మళ్లా రాదు" అంటుంది. ఇది చాలా కష్టం అని ఓనరు గొణిగాడు. బుద్ధున్నవాళ్లకు కష్టం కాదని నేను అన్నాను. చివర మాట్లాడింది నేను కాబట్టి అలాగే ఉండిపోయింది.

సీడీలు బజారుకు పోయిన కొన్నాళ్లకు ఆఫీసు ఫోన్ మోగడం మొదలైంది. అట్ట మీద ఫోన్ నంబరు వేయించింది ఓనరే, అమ్మకాల కోసం. వచ్చినవన్నీ నిచ్చెన ఫోన్లు. దాంతో ఆయన నన్ను పిలిచి, "తిట్లు రాసింది నువ్వే కదమ్మా, వాళ్ల తిట్లు కూడా నువ్వే వినుకో" అని ఫోన్ నా బల్ల మీదకి మార్పించాడు. దానికి ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఎవరు ఫోన్ చేసినా మొదటిసారి చూపు మాత్రం తిప్పాలి, అంటే ఏ వైపు ఆలోచించాలో చెప్పాలి. రెండోసారి వేలు పెట్టి చూపించాలి. మూడోసారి అడిగితే చెయ్యి పట్టుకుని నడిపించాలి. ఇంకో షరతు ఓనరు సొంతంగా కలిపాడు: ఆట గురించి తప్ప వాళ్ల ఇంటి సంగతులు మాట్లాడకూడదు. నా నోటి సంగతి తెలిసే పెట్టాడని ఇప్పుడనిపిస్తుంది.

మా ప్రోగ్రామరు చేసిన ఘనకార్యం ఒకటి కూడా చెప్పాలి, లేకపోతే తర్వాతిది అర్థం కాదు. ఆట మధ్యలో ఆపితే, ఆపిన చోటును కంప్యూటరు గుర్తుపెట్టుకుంటుంది కదా, సేవ్ అంటారు దాన్ని. మామూలుగా అయితే నాలుగైదు ఆటలు వేరువేరుగా దాచుకునే వీలు పెడతారు. ఇతను ఒక్కటే పెట్టాడు. ఇంట్లో ఎవరు తెరిచినా అదే ఆట, ఆపిన చోటి నుంచి. అదేమప్పా అంటే నాకు పాఠం చెప్పాడు.

"అక్కా, మా ఇంట్లో మగ్గానికి ఒకేసారి ఒక చీరే. సగం నేసినాక ఇంకొకడొచ్చి నేను వేరే చీర పెడతానంటే మా నాయన బడితె తీసుకుంటాడు."

"మగ్గం కాడ కూచునేది ఒకడే. కంప్యూటరు ఇంటికంతా ఒకటి కదా?"

"ఇంట్లో ఎవరాడతారక్కా? పిల్లోళ్లాడతారు. పెద్దోళ్లు తిడతారు. తిట్టేదానికి వేరే సేవ్ ఎందుకు?"

ఓనరు నవ్వేశాడు. ఆ రోజు చివర మాట్లాడింది ప్రోగ్రామరు.

ఇక అసలు సంగతి. చిత్తూరు నుంచి ఒక పెద్దమనిషి ఫోన్ చేయడం మొదలుపెట్టాడు. పొద్దున ఆఫీసు తెరిచే వేళకు చేసేవాడు, వాళ్ల ఆఫీసు నుంచి. గొంతు దస్తావేజు చదువుతున్నట్టు ఉండేది. "నాకోసం కాదమ్మా. మా ఫ్రెండు కొడుకు అడగమన్నాడు" అని మొదలుపెట్టేవాడు. ఆ ఫ్రెండు కొడుకు ఎప్పుడూ ఫోన్ దగ్గరకు రాలేదు. ఇంకొక పిల్ల, అదీ చిత్తూరే, మధ్యాహ్నం భోజనాల తర్వాత ఇంటి నుంచి చేసేది. ఇరవై ఏళ్లు ఉంటాయేమో. మాటకు ముందు మేడమ్, మాటకు తర్వాత మేడమ్. ఇద్దరూ నిచ్చెన దగ్గరే ఇరుక్కున్నారు. ఇద్దరికీ మొదటిసారి చూపు తిప్పాను, రెండోసారి వేలు చూపించాను. ఎవరికీ తలకెక్కలేదు.

ఒక పొద్దున ఆ పెద్దమనిషి కోపంగా చేశాడు.

"మీ ఆటలో దొంగతనాలు జరగతా ఉండాయమ్మా. బాయి కాడి తాడు తీసి సంచిలో పెట్టినా. అంటే, మా ఫ్రెండు కొడుకు పెట్టినాడు. ఈ పొద్దు చూస్తే తాడు లేదు. సందులో ఆవును ఎవరో కట్టేసి ఉండారు."

"ఎవరో కట్టేయడానికి అది నిజం ఆవు కాదు కదా సార్."

"అదే నేనూ అడిగేది."

మధ్యాహ్నం ఆ పిల్ల చేసింది. ఆవుని కట్టేశానని సంబరంగా చెప్పి, వెంటనే గొంతు తగ్గించింది. "మేడమ్, ఒక మాట. నేను తీసుకోని సామాన్లు నా సంచిలోకి వస్తా ఉండాయి. నిన్న తాడు. మొన్న టార్చిలైటు. కంప్యూటర్లో ఏమన్నా ఉండాదా మేడమ్? దయ్యం లాంటిది?"

"ఇంట్లో ఇంకెవరైనా ఆడుతున్నారేమో?"

"ఎవరుండారు మేడమ్? అమ్మకు కరెంటంటే భయం. నాయనకు మౌస్ యా చేత్తో పట్టుకోవాలో కూడా తెలీదు."

రిసీవర్ పెట్టేసి నేను నవ్విన నవ్వుకు ప్రోగ్రామరు లేచి వచ్చాడు. చెప్పాను. వాడు తల పట్టుకున్నాడు. "రెండో సేవ్ పెట్టాల్సిందక్కా," అన్నాడు. "పెట్టి ఉంటే ఈ నవ్వు నాకెక్కడిది?" అన్నాను.

కానీ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. ఆ వారమే బుధవారం మధ్యాహ్నం ఆ పిల్ల మూడోసారి నిచ్చెన గురించి అడగడానికి ఫోన్ చేసి, అడగకుండా ఏడ్చింది. ఆట కోసం ఏడవడం లేదు మేడమ్ అని తనే చెప్పుకుంది. ఓనరు పెట్టిన షరతు నాకు గుర్తుంది. గుర్తుండే, "మరి దేనికమ్మా?" అని అడిగాను.

డాక్టరు కావాలని వాళ్ల నాయన కోరిక. ఎంట్రన్స్ రాసింది, సీటు రాలేదు. లాంగ్ టర్మ్ కోచింగ్‌కి పంపించాడు. మళ్లీ రెండుసార్లు రాసింది, రాలేదు. ఇంకో ఏడాది అదే హాస్టల్లో, అదే మంచం మీద చదవమంటున్నాడు. ఈమె మా తిరుపతిలో ఆడపిల్లల కాలేజీలో డిగ్రీ చేరతానంటోంది. అడ్మిషన్లు శుక్రవారంతో ఆఖరు. నాయన కూడా వచ్చి సంతకం పెట్టాలి. ఇంట్లో దగ్గర దగ్గర నెల నుంచి ఇద్దరికీ మాటలు లేవు.

"నువ్వెళ్లి అడగొచ్చు కదా?"

"నోరు తెరిస్తే కోచింగ్‌కి పోతావా లేదా అంటాడు మేడమ్. లేదంటే అరుస్తాడు. అవునంటే నేను ఇంక లేను. అందుకే నోరే తెరవడం లేదు. ఏమన్నా చెప్పాలంటే అమ్మకు చెప్తాడు. పక్కనే కూచోని ఉంటా, 'దాన్ని ఇంకొంచెం సాంబారేసుకోమను' అంటాడు. అమ్మ నా పక్క తిరిగి 'ఏసుకోమంటా ఉండాడే' అంటాది."

మా ఆటలో ముహూర్తం ఎప్పటికీ దాటదు. ఎంతసేపు ఊరు తిరిగినా పురోహితుడు "ఇంకా సమయం ఉండాది" అంటూనే ఉంటాడు. అలా రాసింది నేనే. కాలేజీ వాళ్లు అలా అనరు కదా. శుక్రవారం అంటే శుక్రవారమే.

మూడోసారి అడగడానికే చేసింది కాబట్టి చెయ్యి పట్టుకుని నడిపించాలి. ఆ రోజు పొద్దునే వాళ్ల నాయన కూడా మూడోసారి అడిగి ఉన్నాడు. పనిలో ఉండి, సాయంత్రం చెబుతానని ఆపాను. రిసీవర్ చేతిలో ఉండగానే నాకు ఆలోచన వచ్చింది. మంచి ఆలోచన అని ఆ నిమిషంలో ఎంతగా అనిపించిందో, ఇప్పుడూ అంతే అనిపిస్తుంది, మా ఓనరు ఏమన్నా సరే.

పిల్లకి సగం చెప్పాను: "ముసలావిడ ఇంటికి పోగానే తిన్నె మీద కూర్చో." సాయంత్రం నాయనకి మిగతా సగం చెప్పాను: "మజ్జిగ సంచిలో పెట్టుకోవద్దు, అక్కడే తాగి లోటా ఇచ్చేయండి." కూర్చున్నా సంచిలో పెట్టుకుంటే నిచ్చెన రాదు. తాగినా నిలబడే తాగితే రాదు. రెండు సగాలూ ఒకే ఇంట్లో ఉన్నాయి. ఇద్దరూ ఒక్క మాట అనుకుంటే చాలు.

ఎక్కడనుకుంటారు! గురువారం పొద్దున ఆఫీసు తాళం తీయకముందే లోపల ఫోన్ మోగుతోంది.

"మజ్జిగ తాగినా. ఆ ముసిల్ది నన్ను తిట్టింది. నిలబడి తాగినోడు అనింది. ఇంకేదో ఉండాది కదా, చెప్పు."

"ఉంది సార్. ఆ ఇంకేదో మీ ఇంట్లోనే ఉంది. మీ అమ్మాయిని అడగండి."

ఈసారి వచ్చింది దస్తావేజు గొంతు కాదు.

"నాకు కూతురుండాదని నీకెవురు చెప్పినారు?"

"మీ ఫ్రెండు కొడుకు పొద్దున తీసిన తాడుతో మీ అమ్మాయి మధ్యాహ్నం ఆవును కట్టేసింది సార్."

కోప్పడతాడని కాచుకుని ఉన్నాను. ఆయన మెల్లగా అన్నాడు: "ఒకరోజు అన్నానికి ఇంటికి పోయినా. లోపల గదిలో నవ్వు వినిపించింది. దానిదే. రిజల్ట్స్ వచ్చినప్పట్నుంచి మా ఇంట్లో ఎవురూ నవ్విందే లేదమ్మా. ఏం చూసి నవ్విందో చూద్దామని, అది లేవకముందే పొద్దున్నే కూచున్నా. మౌస్ పట్టుకునేదానికే రెండు దినాలు పట్టింది నాకు."

ఆ పిల్ల నవ్వింది నేను రాసిన మాటలకు. అంతటితో ఊరుకుని, మిగతా సగం చెప్పేసి రిసీవర్ పెట్టేసి ఉండొచ్చు. పెడితే నేనెందుకవుతాను?

"మరి ఆ మాటే దానితో చెప్పొచ్చు కదా సార్?"

"అది నాతో మాట్లాడదు."

"మీరు మాట్లాడారా?"

ఇప్పుడు వచ్చింది కోపం. "నువ్వాడ కూచుండేది ఆట గురించి చెప్పేదానికి. నా ఇంటి గురించి కాదు. మీ ఓనరెవురో ఆయన్తో మాట్లాడతా." ఠక్కున పెట్టేశాడు. అన్నమాట ప్రకారం మాట్లాడాడు కూడా. మధ్యాహ్నానికి ఓనరు నన్ను తన గదిలోకి పిలిచాడు.

"ఏమ్మా ఇది? జవాబు సగం సగం చేసి ఇస్తావా? మన పద్ధతేంది?"

"మూడోసారి చెయ్యి పట్టుకుని నడిపించాలి. నడిపిస్తున్నాను సార్. ఇద్దరిదీ చెరొక చెయ్యి పట్టుకున్నాను."

"ఇవన్నీ కాదు. ఆయన డబ్బిచ్చి సీడీ కొన్నాడు. అడిగింది చెప్పాల. రేపు పొద్దున ఆయనకు ఫోన్ చేసి, తప్పయింది సార్ అని, మొత్తం చెప్పు."

"రేపు పొద్దున నేను చెబితే వాళ్లకు మాట్లాడుకునే పని ఉండదు, రేపు సాయంత్రానికి ఆ పిల్ల కాలేజీ గడువు అయిపోతుంది."

"ఆ కాలేజీకి మనకీ ఏం సంబంధమమ్మా?"

"సరే సార్. ఇప్పుడే చేద్దాం. నేనొద్దు, నా నోరు మంచిది కాదు. మీరే చెప్పండి. నిచ్చెన ఎట్లా వస్తుంది?"

ఓనరు బల్ల మీది సీడీ అట్టను తిరగేసి వెతికాడు. ఆయన తన ఆటను ఎప్పుడూ ముసలావిడ వీధి దాటి ఆడలేదని ఆ రోజు తెలిసింది. తలుపులోంచి ప్రోగ్రామరు వైపు చూశాడు. ప్రోగ్రామరు కీబోర్డును తిరగేసి దులుపుతున్నాడు, ప్రపంచంలో అంతకు మించిన అవసరమైన పని లేనట్టు.

"నీకు తెలుసు కదప్పా?"

"తెలుసు సార్. కానీ నేను చెప్తే అక్క నన్ను బతకనీదు."

నవ్వులాటకు అలా అన్నాడు కానీ, ఓనరు ఇంటికి వెళ్లిపోయాక నా దగ్గరకు వచ్చి కూర్చున్నాడు. "అక్కా, వాళ్లు మాట్లాడుకోకపోతే? రేపు సాయంత్రం దాటిపోతే? ఆ పిల్లకు అదొక్కటీ పోతాది, మనం జవాబు కూడా ఇయ్యనట్టవుతాది. ఆట కూడా పాయె, కాలేజీ కూడా పాయె." ఆ పిల్లకి ఉన్న ఒకే ఒక్క నవ్వుకి కూడా నేను అడ్డం నిలబడి ఉన్నానేమో! శుక్రవారం పొద్దున నేనే ఫోన్ చేసి మొత్తం చెప్పేద్దామని అనుకున్నాను. ఓనరు చెప్పినందుకు కాదు.

శుక్రవారం తొందరగా వచ్చాను. వాళ్ల ఇంటి నంబరు చీటీ మీద రాసి ముందు పెట్టుకున్నాను. చెయ్యి రిసీవర్ మీద పెడుతుండగానే అదే మోగింది.

"మేడమ్! నిచ్చెన ఇచ్చింది మేడమ్, ముసలామె!"

"ఎట్లా ఇచ్చింది?"

"పొద్దున్నే లేచి చూస్తే కంప్యూటర్ కాడ నాయన! మౌస్ పట్టుకోని! వాకిట్లో నిలబడి చూస్తా ఉన్నా. నిలబడి మజ్జిగ తాగించడం, తిట్లు తినడం, మళ్లా తాగించడం. ఎన్నిసార్లు చూసేది మేడమ్? తట్టుకోలేక 'ముందు తిన్నె మీద కూచోబెట్టు నాయనా' అనేసినా."

వెనక నుంచి పెద్దమనిషి గొంతు: "అడగవే, ఈ నిచ్చెన సందులో పట్టడం లేదు, ఎట్లా తిప్పాలో అడుగు."

"నువ్వుండు నాయనా. అది నాకు తెలుసు."

"తెలిస్తే ఇంతసేపేంది మరి?"

"నువ్వు మౌస్ ఇస్తే కదా!"

ఫోన్‌కి స్పీకరు మీట ఒకటి ఉండేది. నొక్కాను. ప్రోగ్రామరు వచ్చి నిలబడ్డాడు, ఓనరు తన గది తలుపు దగ్గరే ఆగిపోయాడు. ఆ పిల్ల రిసీవర్‌ని బల్ల మీద పెట్టినట్టుంది, మాటలు కొంచెం దూరంగా వినపడుతున్నాయి.

"నాకు చెప్పకుండా నా తాడెందుకు వాడినావు?"

"అది నీదని నాకు తెలుసా? నేను దయ్యమనుకున్నా."

"నేను దయ్యమా?"

"చెప్తే కదా తెలిసేది. నువ్వు మాట్లాడితే కదా."

"నువ్వు మాట్లాడినావా?"

"మాట్లాడితే కోచింగ్‌కి పోతావా అంటావు."

ఇవతల ఓనరు తలుపు వదిలి ఒక అడుగు ముందుకు వచ్చాడు.

"అంటా," అన్నాడాయన.

"పోను."

ఇక అరుస్తాడనుకున్నాను. అరవలేదు. "ఎందుకు పోవు?" అన్నాడు. ఆ మాట నెల రోజుల ముందే అడిగి ఉంటే మాకు ఇన్ని ఫోన్లు వచ్చేవి కావు. పోతావా లేదా అని మాత్రమే అడిగిన మనిషి, ఎందుకు అని అడగడం అదే మొదలు.

"ఆడ తప్పు రాస్తే గమ్మున ఉంటారు నాయనా. ఎవురూ ఏమీ అనరు. గోడ మీద ర్యాంకుల లిస్టులో నా పేరు ఇంకొంచెం కిందికి జరగతాది, అంతే. రెండేండ్లు జరగతానే ఉన్నా. ఈడ, ఈ ఆటలో, తప్పు చేస్తే తిడతారు, తిడితే నవ్వొస్తాది, నవ్వి మళ్లా చేయబుద్దేస్తాది. నాకు చదువంటే భయం లేదు. నాకు జువాలజీ ఇష్టమే. ఆ గోడ కాడికి పోలేను."

గిన్నె ఏదో పెట్టిన చప్పుడు. మూడో గొంతు, తల్లిది కాబోలు, ఎవరితోనూ కాకుండా అంది: "ఇంక నేను మధ్యలో చెప్పేది లేదప్పా. ఇద్దురూ నోరు తెరిచినారు కదా."

"తిరుపతి బస్సు ఎన్నింటికి?" అన్నాడు నాయన.

ఆ తర్వాత వినిపించినవి మాటలు కావు. బీరువా తలుపు, చెప్పులు, "మార్కుల లిస్టు పెట్టుకున్నావా", "నీ కళ్లజోడు", గేటు, స్కూటరు రెండు మూడు సార్లు మొరాయించి అందుకోవడం. తల్లి కూడా గేటు దాకా వెళ్లినట్టుంది. గదిలో ఫ్యాను తిరిగే చప్పుడొక్కటే మిగిలింది. ఎవరికీ రిసీవర్ గుర్తుకు రాలేదు.

ప్రోగ్రామరు పక్కకు తిరిగి ముఖం తుడుచుకున్నాడు. కింద మిరపకాయలు వేయిస్తున్నారన్నాడు. వేయిస్తున్నది నిజమే.

ఓనరు వచ్చి ఫోన్ పెట్టేశాడు. మళ్లీ ఎత్తితే డయల్ టోన్ లేదు, ఫ్యానే వినిపిస్తోంది. అప్పటి లైన్లు అలా ఉండేవి, చేసినవాళ్లు పెట్టేస్తేగానీ మన లైను మనకు రాదు. "ఆయనకు బిల్లు తడిసి మోపెడవుతాది," అని ఓనరు కాసేపు బాధపడ్డాడు. "మనకు ఒక్క ఫోన్ కూడా రాదు ఈ పొద్దు," అని ఇంకాసేపు బాధపడ్డాడు. నన్ను మాత్రం ఏమీ అనలేదు. క్షమాపణ సంగతి కూడా ఎత్తలేదు. మధ్యాహ్నం కింది నుంచి నలుగురికీ దోసెలు తెప్పించాడు, అడగకుండా.

ఆ రోజు నాకు పని లేదు. ఉద్యోగంలో చేరిన తర్వాత మొదటిసారి రోజంతా ఎవరినీ తిట్టకుండా కూర్చున్నాను. మధ్య మధ్య రిసీవర్ ఎత్తి ఆ ఇంటి ఫ్యాను వినేదాన్ని. ప్రోగ్రామరు కూడా వచ్చి వినేవాడు. ఒకసారి ఓనరు కూడా వచ్చి విన్నాడు, లైను వచ్చిందేమో చూస్తున్నట్టు.

దీపాలు పెట్టే వేళకు అవతల గేటు చప్పుడైంది. చెప్పులు. ఆ పిల్ల గొంతు, ఆయాసంగా, తల్లితో: "దొరికింది మా! సోమవారం నుంచి క్లాసులు. నాయన బస్సులో నిద్రపోయినాడు, నా మీద వాలిపోయి." ఎవరో ఏదో అన్నారు, ముగ్గురూ నవ్వారు. తర్వాత పెద్దమనిషి గొంతు, బాగా దగ్గరగా: "అరెరె, ఈ ఫోనెవురు ఇట్ల పెట్టేసినారు?" టక్. డయల్ టోన్ వచ్చింది.

ఆయన మళ్లీ ఎప్పుడూ ఫోన్ చేయలేదు. ఆ పిల్లా చేయలేదు. పెళ్లికొడుకును చెట్టు మీద నుంచి దించారో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. మా ఉద్యోగంలో అంతే, ఇరుక్కున్నవాళ్ల గొంతులే మనకు తెలుస్తాయి, బయటపడ్డవాళ్లవి తెలియవు. దాని మీద నాకు ఫిర్యాదు లేదు.

ఆ సాయంత్రం మాత్రం రిసీవర్ ఇంకా చల్లబడకముందే ఫోన్ మోగింది. పుత్తూరు నుంచి ఎవరో, మంచి కోపంలో ఉన్నాడు.

"ఏమ్మా, పొద్దుట్నుంచీ చేస్తానే ఉండా. ఎప్పుడు చూసినా ఎంగేజే. నంబరు దేనికి వేసినారు అట్ట మీద, అలంకారానికా?"

"తప్పయింది సార్," అన్నాను. నా నోటి నుంచి ఆ మాట అంత సులభంగా రావడం విని ప్రోగ్రామరు వెనక్కి తిరిగి చూశాడు. "ఇప్పుడు చెప్పండి. ఎక్కడ ఇరుక్కున్నారు?"

"ఇంకేం చెప్పేది! నిచ్చెన కాడ. మీరు పలకరు, ఎంతసేపని చూసేది? చేసేది లేక మా ఆవిడ్ని పిలిచి కూచోబెట్టుకున్నా. ఆమె చెప్పేసింది."

"మరి ఇప్పుడు ఫోన్ ఎందుకు చేశారు సార్?"

"అది చెప్దామనే చేసినా," అని పెట్టేశాడు.